కంగారు తండ్రులు

మూడు వారాలపాటు ఈ పేజీలో నా గొణుగుడు వినిపించకపోయేసరికి "మేష్టారికి ఏమొచ్చింది?" అని కొందరు పాఠకులు ఎడిటరుగారిని అడిగారట. "పీడా వదిలింది" అనుకున్నవారూ వుండే వుంటారు. ఇద్దరికీ ఒకటే జవాబు. నాకు ఆడపిల్ల పుట్టింది.

"దానికి నువ్వు రాయటం మానెయ్యటమెందుకోయ్? కన్నది నువ్వు కాదుగదా!" అన్నారు మా హెడ్మాస్టరుగారు. నిజం చెప్పొద్దూ, అంతకుముందు నా వుద్దేశమూ అదే. మన యిళ్లల్లో పురుడంటే మగవాడికి పనేముంది గనక? ఏడో నెల వెళ్లగానే భార్యను పుట్టింటికి పంపటం. కబురు రాగానే మిఠాయి పొట్లంతో వెళ్లి, అత్తగారు గుడ్డల్లో చుట్టి చూపించిన ముఖం చూసి, అది ఎవరి పోలికో అని అందరూ వాదించుకుంటూ వుంటే నవ్వి వూరుకోవటం. పదకొండో రోజునో ఇరవయ్యొకటో రోజునో పళ్లెంలో బియ్యం పోస్తే ఉంగరంతో పేరు రాయటం. మా నాన్న ఇంతకన్న ఏమీ చెయ్యలేదు. మా తాతగారు ఈపాటి కూడా చేశారని నాకు నమ్మకం లేదు.

మా ఆవిడ పుట్టిల్లు కోనసీమలో. నా వుద్యోగం ఏలూరులో, లెక్కల మేష్టరీ. పురిటికి ఇంకా ఏడు వారాలున్నది గదా అని నేను నిశ్చింతగా అర్ధసంవత్సరం పేపర్లు దిద్దుకుంటూ వుండగా ఒక రాత్రి ఫోను వచ్చింది. మా ఆవిడకు పాదాలతోపాటు ముఖం కూడా వాచింది. విడవని తలనొప్పి. కళ్లముందు మిణుగురులు తిరుగుతున్నాయంటుంది. ఈ మూడూ కలిస్తే రక్తపుపోటు హెచ్చినట్టు. ముదిరితే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారే, దాంట్లోకి దిగుతుంది. మా మామగారు పొద్దున్న చూద్దామనలేదు. 108కి ఫోను చేసి, యానాం వంతెన దాటించి, కాకినాడలో ఒక పెద్దాసుపత్రికి చేర్చారు. బిడ్డను బయటికి తియ్యటమే ఆ జబ్బుకు మందట. తెల్లవారుజామున ఆపరేషను చేశారు. (ఈ పేజీ చదివే యిళ్లల్లో కడుపుతో వున్నవాళ్లెవరికైనా ఈ గుర్తులు కనిపిస్తే, దయచేసి తెల్లవారేదాకా ఆగకండి. మా మామగారికి తోచిన బుద్ధి నాకు తోచేదని నేను చెప్పలేను.)

సామర్లకోటలో రైలు దిగి, ఆటో పట్టుకుని నేను ఆసుపత్రికి చేరేసరికి తల్లి ఒక వార్డులో, పిల్ల ఇంకో అంతస్తులో గాజుతలుపుల వెనకాల వున్నారు. పిల్ల బరువు 1,480 గ్రాములు. మా యింటికి వారానికి వచ్చే కందిపప్పు అంతకన్న బరువుంటుంది.

మెట్లదగ్గర ఒక పెద్దావిడ, మా అత్తగారికి ఎరిగున్నావిడేనట, బుగ్గన వేలేసుకుని "ఎనిమిదో నెల పిల్లా! ఏడో నెల పిల్లలు దక్కుతారుగాని ఎనిమిదో నెల వాళ్లు దక్కరే అమ్మా!" అన్నది. ఈ మాట మీరూ వినే వుంటారు. నాకు మోకాళ్లలో సత్తువ పోయింది. వెనకనుంచి వస్తున్న డాక్టరమ్మగారు ఆగి, "మీరేం చేస్తూ వుంటారు?" అని నన్నడిగారు. చెప్పాను. "లెక్కల మేష్టారయివుండీ ఏడు పెద్దదో ఎనిమిది పెద్దదో ఇంకొకర్ని అడుగుతారేమండీ? కడుపులో వున్న ప్రతి వారమూ లాభమే" అని పైకి వెళ్లిపోయారు. లెక్క తేలిందిగాని మోకాళ్లకు సత్తువ రాలేదు.

గాజుతలుపుల ఎదట గోడవారగా ఒక బల్ల వుంది. తండ్రుల స్థానం అది. లోపల తల్లులకూ నర్సులకూ పనులున్నాయి. మా అత్తగారు కూతురి దగ్గర వుంది. ఆవిడకు తెలియని సంగతి లేదు, ఆవిడను అడగటానికి చుట్టూ ఆడవాళ్లున్నారు. నేను ఎవర్ని అడగను? స్నేహితులకు ఫోను చేస్తే "స్వీట్లేవోయ్?" అన్నారు. మా నాన్నకు చేస్తే "అంతా భగవంతుడే చూసుకుంటాడు, నువ్వు వేళకు భోజనం చెయ్యి" అన్నాడు. పాపం, ఆయనకు అంతకన్న తెలియదు. అంచేత ఆ బల్లమీద చివరగా, ఎవరికీ తగలకుండా కూర్చున్నాను.

ఆ బల్లమీద అప్పటికే ముగ్గురున్నారు. ఒకడు తుని వైపు లారీ డ్రైవరు. ఒకడు ఉప్పాడలో చీరలు నేసేవాడు. మూడోవాడు బెంగుళూరులో కంప్యూటరు వుద్యోగం చేస్తూ భార్య పురిటికి వచ్చిన కుర్రవాడు. అక్కడ ఎవరినీ పేరుపెట్టి పిలవటం లేదు. లోపలినుంచి నర్సు వచ్చి ఫలానా ఆమె బేబీ అని తల్లి పేరే పిలుస్తుంది. మన వైపు భార్య పేరు నలుగురిలో పలకటానికి నోరు రాని మొగుళ్లు ఇంకా వున్నారా? అటువంటివాడు కూడా ఆ పేరు వినగానే "నేనే, నేనే!" అని లేచి పరుగెత్తవలసిందే. ఇక తమలో తాము పిల్లల బరువును బట్టి పిలుచుకుంటారు. "ఇందాక పదిహేడు వందలు టీకి వెళ్లాడు", "వెయ్యిన్నీ ఎనభైని సిస్టరమ్మ పిలుస్తోంది"—ఇదీ వరస. నేను కూర్చున్న పావుగంటకు లారీ డ్రైవరు నావైపు తిరిగి, "తమరెంతండి?" అన్నాడు. జీతం అడుగుతున్నాడేమో అనుకున్నాను. అర్థమయ్యాక "పద్నాలుగు వందల ఎనభై" అన్నాను. "ఆయ్! మంచి తూకమేనండి" అన్నాడు. పుట్టిన పిల్లను గురించి నాతో మంచిమాట అన్న మొదటి మనిషి అతడే.

మూడో రోజు 1,420. అయిదో రోజు 1,370. అసలే లెక్కల వాణ్ణి. సిగరెట్టు పెట్టె అట్ట ఒకటి కిందపడివుంటే తీసి, దానిమీద లెక్క వేశాను. నాలుగు రోజుల్లో 110 గ్రాములు తగ్గింది, రోజుకు ఇరవయ్యేడున్నర, ఈ లెక్కన యాభై రోజుల్లో సున్నా. ఆ సున్నా చుట్టూ పెన్సిలు తిప్పుతూ వుంటే నా చేతిలోంచి అట్టముక్క లాక్కున్నాడు లారీ డ్రైవరు.

"ఏంటండీ మేష్టారూ ఇది! పిల్లలందరూ మొదటి వారం తగ్గుతారండి బాబూ. ఒంట్లో నీరు దిగుద్ది. నెల తక్కువ పిల్లలు ఇంకాస్త తగ్గుతారు. రెండోవారంలో మళ్లీ పుట్టిననాటి తూకానికి వస్తారు. నా రెండోవాడూ ఇంతేనండి. ఇప్పుడు నా లారీ హారను వాడే కొడతాడు."

లోపలి సిస్టరమ్మనడిగితే అదే చెప్పింది. ముందు చెప్పలేదేమని అడిగాను. "మొదటిరోజే చెప్పానండీ, మీరు తలకాయ కూడా వూపారు" అన్నది. ఆ రోజు ఎవరేం చెప్పినా నేను తలకాయ వూపే వుంటాను.

ఆరో రోజు ఆ సిస్టరమ్మే బయటికి వచ్చి, "కంగారూ పెట్టాలి, రండి" అన్నది.

"నాకు ఇప్పటికే చాలినంత వుందమ్మా" అన్నాను.

బల్లమీద ముగ్గురూ పగలబడి నవ్వారు. విషయమేమంటే, కంగారూ జంతువు పిల్లను పొట్టసంచిలో పెట్టుకున్నట్టుగా, బరువు తక్కువ బిడ్డను ఒంటికి ఒళ్లు ఆనేట్టు రొమ్ముమీద కట్టుకునే పద్ధతి ఒకటి వుంది. 1978లో కొలంబియా దేశంలో, బొగొటా నగరంలో ఎడ్గార్ రే అనే డాక్టరు, ఆసుపత్రిలో వెచ్చబెట్టే పెట్టెలు చాలక, తల్లుల రొమ్ములనే పెట్టెలుగా వాడుకుందామని మొదలుపెట్టాడు. చూడగా చూడగా గతిలేక చేసిన పనే మంచి వైద్యమని తేలింది. బిడ్డకు వేడి నిలుస్తుంది, పాలు పడతాయి, అంటురోగాలు తగ్గుతాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు తక్కువ బిడ్డలకు పుట్టినప్పటినుంచే ఈ పని మొదలుపెట్టమని చెప్పింది. తల్లికి ఒంట్లో బాగుండకపోతే ఆ పని తండ్రి చెయ్యవచ్చు. మా ఆవిడకు పోటు ఇంకా దిగలేదు, మంచం దిగనివ్వటం లేదు. అంచేత నా వంతు వచ్చింది.

"స్నానం చేశారా? గోళ్లు తీశారా? సిగరెట్టు కాలుస్తారా? సరే, షర్టు విప్పండి."

పదహారేళ్లుగా పిల్లలను బెంచీ ఎక్కిస్తున్న మనిషిని, నలుగురు ఆడవాళ్ల ఎదట షర్టు విప్పి, వెనక్కి వాలిన కుర్చీలో కూర్చున్నాను. నా పక్క కుర్చీలో నేతగాడు, ఆ పక్కన లారీ డ్రైవరు. తిరపతి కల్యాణకట్టలో వరస కూర్చున్నట్టున్నాం. లారీ డ్రైవరు ముప్పై బీడీలవాడు. మొదటిరోజు నర్సు అతణ్ణి వాసన చూసి వెనక్కి పంపేస్తే, కట్ట తీసికెళ్లి కాలవలో పారేశాడట. పాపకు టోపీ, మేజోళ్లు, చిన్న లంగోటీ వుంచి నిలువుగా నా రొమ్ముకు ఆనించి, కప్పలాగా కాళ్లూ చేతులూ ముడిపించి, తల పక్కకి తిప్పి, గుడ్డతో కట్టింది సిస్టరమ్మ. "గంటకు తక్కువ కాకుండా కదలొద్దు" అన్నది. కదలటమా! నేను వూపిరే జాగ్రత్తగా పీల్చాను. కొంతసేపటికి ఆ పిల్ల ముక్కులోంచి వస్తున్న గాలి, చీమ నడిచినంత మెత్తగా, నా చర్మానికి తెలిసింది. ఆ తరవాత నా కళ్లద్దాలు మసకబారాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. నేతగాడు తన చెయ్యి చాచి, నా కళ్లద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి మళ్లీ పెట్టాడు. ఏమీ అనలేదు.

ఆ గుడ్డ సంగతి చెప్పాలి. ఆసుపత్రి గుడ్డలు కాస్త గరుకు. నేతగాడు తన పాత నేతపంచె, ఎన్నో వుతుకులకు వెన్నలాగా అయినది, ఇంటినుంచి తెచ్చి నాలుగు ముక్కలు చేశాడు. సిస్టరమ్మ వాటిని వుడికించి ఆరేయించింది. మా నలుగురు పిల్లలనూ ఆ పంచెముక్కలతోనే కట్టేవారు. నాలుగింటిలోకీ అతని బిడ్డే చిన్నది: వెయ్యిన్నీ ఎనభై.

రోజులు ఒక దారిన పడ్డాయి. రెండు గంటలకొకసారి మా ఆవిడ పిండి ఇచ్చిన పాలు చిన్న స్టీలుగిన్నెలో పట్టుకుని మూడంతస్తులు ఎక్కేవాణ్ణి. మొదట గొట్టంతో పోసేవారు, తరవాత పాలాడతో. పాలాడ అంటే ఏమిటో అనుకున్నాను; తీరా చూస్తే మా అమ్మమ్మ వుగ్గుగిన్నే! కంప్యూటరు కుర్రవాడి బిడ్డ రెండువేల పైచిలుకే, కాని కామెర్లు. నీలం దీపం కింద పడుకోబెట్టారు. ఆ కుర్రవాడు నేతగాడి భార్యకు రక్తం కావలసివస్తే ఇచ్చాడు. నాకు రెండువేలు చేబదులు కూడా ఇచ్చాడు. రాత్రిళ్లు ఒకడు బల్లమీద పడుకుంటే ముగ్గురు నేలమీద. నర్సు పిలిస్తే లేపటానికి ఒకడు మెలకువగా వుండాలని వంతులు. దోమల చక్రం లారీ డ్రైవరుది, ఫోను తీగ కుర్రవాడిది, మరచెంబు నాది.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున నర్సు నేతగాడి భార్య పేరు పిలిచింది. ఆ పిలుపులో తేడా వుంది. అతడు లోపలికి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. రక్తంలోకి విషం చేరిందట. రెండురోజులనుంచి మందులు ఇస్తూనే వున్నారు. అంత చిన్న ఒంటికి తట్టుకునే శక్తి లేకపోయింది. మాకు ఏం చెయ్యాలో తోచలేదు. బల్లమీద అతను కూర్చునే చోటు వదిలి ముగ్గురమూ నిలబడ్డాం. లారీ డ్రైవరొక్కడే కాస్త బుద్ధి తెచ్చుకుని, ఆటో పిలిచి, అతనితోపాటు ఉప్పాడ వెళ్లి, సాయంత్రానికి తిరిగివచ్చాడు. చెరువులో మునిగి వచ్చినట్టున్నాడు. ఆ రాత్రి మెలకువగా వుండే వంతు ఎవరిదని ఎవరూ అడగలేదు, ఎవరమూ నిద్రపోలేదు.

మర్నాడు మా అత్తగారు నన్ను పక్కకి పిలిచింది. "ఆ గుడ్డ మన పిల్లకు వద్దు నాయనా. ఆ చేతి గుడ్డ, ఎందుకొచ్చింది చెప్పు" అన్నది. మా అత్తగారు చెడ్డమనిషి కాదు, భయపడ్డ మనిషి. మరి నేనో? ఇటువంటివి నమ్మనని ఈ పేజీలోనే ఎన్నోసార్లు బడాయి పోయాను. కాని ఆ రోజు పంచెముక్క మడిచి సంచిలో పెట్టి, సిస్టరమ్మను ఆసుపత్రి గుడ్డ అడిగాను. ఆవిడ నా ముఖం చూసిందిగాని ఏమీ అనలేదు. రెండురోజులు అలా గడిచింది.

పన్నెండో రోజు కాగితాలేవో తీసుకోవటానికి నేతగాడు వచ్చాడు. వరండా చివరే ఆగిపోయి, "నేను దగ్గిరికి రాకూడదేమోనండి" అన్నాడు. లారీ డ్రైవరు వెళ్లి రెక్క పట్టుకుని లాక్కొచ్చి, అతని చోటులోనే కూర్చోబెట్టాడు. నేను అప్పుడే లోపలినుంచి వచ్చి షర్టు గుండీలు పెట్టుకుంటున్నాను. భుజంమీద ఆసుపత్రి గుడ్డ వుంది. అతను ఆ గుడ్డవంక చూశాడు. గరుకుగుడ్డ అతనికి తెలియకుండా వుంటుందా? చూపు తిప్పుకుని, "ఎంతయిందండి మేష్టారూ?" అన్నాడు.

"పద్నాలుగు వందల తొంభై" అన్నాను.

"పుట్టినప్పటికన్న పదెక్కువ" అన్నాడు. మా పిల్ల పుట్టిననాటి తూకం అతనికి గుర్తుంది.

అతని బిడ్డ తూకం నాకూ గుర్తుంది. అది చెప్పటానికి ఇప్పుడు మాట లేదు. ఆ సాయంత్రం సంచిలోంచి పంచెముక్క తీసి సిస్టరమ్మకు ఇచ్చాను. మా అత్తగారు చూసింది. "సరేలే, మెత్తగా వుంటుంది" అన్నది.

తండ్రినయినందుకు సర్కారు నాకు ఇచ్చిన సెలవు పదిహేను రోజులు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో వచ్చిన ఉత్తర్వు అది. ఉన్నందుకు సంతోషించాలి, లారీ తోలేవాడికీ మగ్గం నేసేవాడికీ ఆపాటి కూడా ఇచ్చేవాడు లేడు. పదహారో రోజు నేను ఏలూరు వచ్చిపడ్డాను. అప్పటికి మా ఆవిడ లేచి తిరుగుతూ, కంగారూ తనే పెడుతోంది. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. అంచేత పొద్దున్న తొమ్మిదింటికి లారీ డ్రైవరు బల్లమీదనుంచి ఫోను చేసి, "మేష్టారూ, మనది పదహారు వందల ఇరవై" అనేవాడు. ఎవరి పిల్లయినా అతనికి "మనదే". బోర్డుమీద లెక్క సగంలో వుండగా నేను ఫోను తీయటం చూసి, నాలుగోరోజునుంచి పిల్లలే "ఈవాళ ఎంతండీ?" అని అడగటం మొదలుపెట్టారు. తొమ్మిదో తరగతివాళ్లు నల్లబల్ల మూలన రోజూ తూకం వేసి గ్రాఫు గీశారు. వాళ్లకు గ్రాఫులు ఇంత బాగా వచ్చిన సంవత్సరం లేదు.

ఇరవయ్యయిదో రోజున 1,840 గ్రాములతో ఇంటికి పంపారు. కాకినాడ కాజాలు నేను తెస్తే, మడత కాజాలు లారీ డ్రైవరు తెచ్చాడు. అతని పిల్లా ఆ వారమే విడుదల. వెళుతూ వెళుతూ నా చొక్కా పట్టుకుని ఆపాడు. "కాగితం చివర రాసుందండి, చదివారా? ముప్పై రోజుల్లోపల కంటిపరీక్ష. మర్చిపోమాకండి. నా రెండోవాడికి కంటి వెనక పొర చెడబోతూ వుంటే అప్పుడే కనిపెట్టి లేజరు పెట్టారు. నెల దాటితే చూపు పోయేదన్నారు." కాగితం నేను చదవలేదు. ఇరవయ్యెనిమిదో రోజున తీసుకెళ్లాం. మా పిల్ల కళ్లు బాగానే వున్నాయి. రెండువారాలకు మళ్లీ ఒకసారి చూపించమన్నారు.

ఆ రోజు పనిగట్టుకుని మూడో అంతస్తు ఎక్కాను. బల్లమీద అందరూ కొత్తవాళ్లు. చివరగా, ఎవరికీ తగలకుండా ఒకతను కూర్చుని ఫోనులో కూడికలు తీసివేతలు చేసుకుంటున్నాడు. పక్కన కూర్చుని "తమరెంతండి?" అని అడిగాను.

ఇంటికి వచ్చాక బారసాలకు ఎవరిని పిలవాలా అని మా ఆవిడా నేనూ జాబితా వేస్తున్నాం. లారీ డ్రైవరూ, కుర్రవాడూ వుండనే వున్నారు. ఉప్పాడ మాట నేను ఎత్తలేదు. అతన్ని పిలిస్తే బాధపెట్టినట్టవుతుందా, పిలవకపోతే బాధపెట్టినట్టవుతుందా అని మూడురోజులుగా తేల్చుకోలేకుండా వున్నాను. మా ఆవిడే జాబితా తీసుకుని అతని పేరు మొదట రాసింది. ఇన్నాళ్లూ అతని పేరేమిటో నాకు తెలియదు. ఆవిడకు వాళ్లావిడ చెప్పిందట.

నిన్న రాత్రి ఫోను చేశాను. నేను పిలుపు మాట అనేలోగానే "ఎంతయిందండి?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల మగ్గం చప్పుడు కూడా ఆగింది. "చీర చివరికొచ్చిందండి. ఆదివారానికి అయిపోతే ఇద్దరం వస్తాం" అన్నాడు.